ప్రజలు అడిగిన వ్యాసం

శ్రీహరికోట నుంచి రాకెట్టు సముద్రంలో పడకుండా సరిగ్గా పైకి వెళ్ళిన ఏడాది, తిరుపతి హైస్కూలు మైదానంలో మంత్రి సుందరరాజు గారు ఒక ప్రకటన చేశారు.

"మన ఊళ్ళో మందుల పరిశోధనా కేంద్రం పెడుతున్నాం. దానికి డైరెక్టరు ఎవరో నేను చెప్పను. నేను ఎవర్ని చెప్పడానికి? ప్రజలు చెప్తారు. ఏ శాస్త్రవేత్త రాసిన వ్యాసం కావాలని ఎక్కువమంది అడుగుతారో, వాళ్ళదే ఆ కుర్చీ."

మర్నాడు పేపర్లో ఇది నాలుగు లైన్లు పడింది. పక్కనే పళ్ళపొడి ప్రకటన అరపేజీ వేశారు. అంత గొప్ప మాటకు అంత ఇరుకు చోటు ఇవ్వడం నాకు నచ్చలేదు. అందుకే జరిగిందంతా నేనే చెప్తున్నాను. నేను చదివింది మూడో తరగతి. కానీ చూసింది మరిచిపోయే అలవాటు మాత్రం నాకు లేదు.

మంత్రిగారు ఊరికే ఆ మాట అనలేదు. ఢిల్లీ నుంచి కొండకు వచ్చిన ఒక పెద్దమనిషి భోజనాల దగ్గర ఆయనకు చెప్పాడట. బయటి దేశాల్లో శాస్త్రవేత్త గొప్పతనాన్ని వాళ్ళ కారు చూసి చెప్పరు. వాళ్ళు రాసింది ఎంతమంది అడిగి తెప్పించుకుంటున్నారు, ఎంతమంది తమ రాతల్లో వాళ్ళ పేరు చెప్పుకుంటున్నారు, అది చూసి చెప్తారు అని. మంత్రిగారు పెరుగన్నం కలుపుతూ విన్నారు. చెయ్యి కడుక్కునేలోగా పాలసీ తయారైంది. అంత చురుకు నేను ఇంకొకరిలో చూడలేదు, వాళ్ళ నాయనలో తప్ప. ఆయన చిత్తూరు సంతలో బెల్లం అమ్మేవాడు. తక్కెడ ముల్లు నిలబడేలోగా దిమ్మ తీసి సంచిలో వేసేవాడు.

ఆ ప్రకటన విని మా ఇంట్లో ఒక మనిషి పొయ్యి మీద పాలు పొంగుతున్నా అట్లాగే నిలబడిపోయింది. ఆమె జ్ఞానాంబ. మా ముందు వాటాలో తొమ్మిదేళ్ళుగా ఉంటోంది. నగరిలో మగ్గం నేసేవాళ్ళ బిడ్డ. మద్రాసులో చదివి, మందుల రసాయనంలో డాక్టరు పట్టా తెచ్చుకుంది. మొదట్లో మా వీధివాళ్ళు జ్వరాలూ దగ్గులూ పట్టుకుని వచ్చి చొక్కా చెయ్యి పైకి మడిచి కూర్చునేవారు. నేను ఆ డాక్టరును కాదని చెప్పి చెప్పి ఆమెకే గొంతు నొప్పి వచ్చింది.

ఆమె పని ఏమిటో నేను చెప్పగలను. చంద్రగిరి కోట వెనక గుట్టల్లో నేలవేము మొలిచే చోటు ఆమెకు చూపించింది నేనే కాబట్టి. ఆ ఆకు ఎంత చేదంటే కోసిన చేత్తో అన్నం తింటే అన్నం చేదు. జ్ఞానాంబ ఆ చేదును ఆకు నుంచి విడదీసి ఉప్పు పలుకుల మాదిరి చేస్తుంది. తర్వాత ఆ పలుకుకు ఒక తోక తీసేసి ఇంకో తోక అతికిస్తుంది. తోక మారితే గుణం మారుతుందట. అట్లా అరవై మూడు రకాలు చేసింది. అరవై రెండు ఎందుకూ పనికి రాలేదు. నలభై ఒకటో రకం మాత్రం కామెర్లు వచ్చిన ఎలుకను లేపి తిరగనిచ్చింది. మా ఇంట్లో దానికి వేరే పేరు లేదు. ఆమె ల్యాబు నుంచి రాగానే "నలభై ఒకటి ఎట్లుండాదమ్మా" అని అడిగేదాన్ని, బడికి పోయిన బిడ్డను అడిగినట్టు. బాగుందని చెప్పేది.

దాని గురించి ఆమె రాసింది విదేశాల పత్రికల్లో అచ్చయింది. అప్పటి నుంచి కార్డులు రావడం మొదలైంది. పోలండు, జపాను, బ్రెజిలు, ఇంకా నోరు తిరగని దేశాలు. అన్నీ ఒక్క తీరుగా ఉండేవి: మాట అంతా ముందే అచ్చేసి, జ్ఞానాంబ పేరూ వ్యాసం పేరూ రాయడానికి మాత్రం ఖాళీ వదిలి, ఆ ఖాళీలో చేత్తో రాసి. అయ్యా, మీ వ్యాసం ప్రతి ఒకటి పంపితే కృతజ్ఞుణ్ణి అని దాని అర్థమట. అయ్యా అనే రాసేవారు, ఆడమనిషని వాళ్ళకేం తెలుసు. ఆమె పని చేసే కాలేజీకి వస్తే స్టాంపుల కోసం ఎవరో ఒకరు మాయం చేస్తున్నారని మా ఇంటి అడ్రసు ఇచ్చింది. నేను వాటిని ఉత్తరాల కమ్మీకి గుచ్చేదాన్ని. కొండమీదికి బస్సు నడిపిన మా ఆయన, బస్సు బ్రేకు తీగ తెగితే దాన్ని వంచి చేసిన కమ్మీ అది. తొమ్మిదేళ్ళలో రెండు వందల పన్నెండు కార్డులు.

ఇంత జరిగినా ఆమెది ఏడాదికొకసారి పొడిగించే ఉద్యోగమే. ల్యాబు సైకిల్ స్టాండు వెనక గది. వచ్చే మార్చి తర్వాత పొడిగించేది లేదని ఆ ఏడు ముందే చెప్పేశారు. నలభై ఒకటి ఎలుకను దాటి పెద్ద జంతువుకు, ఆ తర్వాత మనిషికి పోవాలంటే ఇంకా ఐదారేళ్ళ పని. గది లేకపోతే అది సీసాలో పొడి. అందుకే పాలు పొంగిపోయాయి. జ్ఞానాంబకు కుర్చీ అక్కర్లేదు. కుర్చీతో పాటు వచ్చే గది కావాలి.

"రెండు వందల పన్నెండు మంది అడిగినారు గదవ్వా," అంది. "ఈ జిల్లాలో ఇంకెవరినీ అంతమంది అడిగి ఉండరు." దరఖాస్తులో ఆ అంకె వేసి పంపింది.

వారం తిరగకుండా వరదయ్య మా ఇంటికి వచ్చాడు. పార్టీ పట్టణ కార్యదర్శి. మంత్రిగారి సభల్లో ఎవరి చెప్పులు వాళ్ళకే తిరిగి దొరికేటట్టు చూసే నేర్పు ఉన్నవాడు. విదేశాల కార్డులు వస్తాయని విన్నానన్నాడు. నాకు గర్వం తన్నుకొచ్చింది. మజ్జిగ ఇచ్చి, కమ్మీ దించి చేతిలో పెట్టాను. ఇది పోలండుది, ఇది జపానుది, తపాలా బిళ్ళ ఎంత ముద్దుగా ఉందో చూడమని ఒక్కొక్కటే చూపించాను.

"మొత్తం ఎన్నక్కా?"

"రెండు వందల పన్నెండు. తొమ్మిదేండ్లకు."

వరదయ్య గ్లాసు కింద పెట్టి నా వైపు జాలిగా చూశాడు. "తొమ్మిదేండ్లకు రెండు నూర్లా? పాపం. మా మీటింగులో మైకు సరి చేసేలోపల అంతకంటే ఎక్కువమంది వస్తారు గదక్కా."

పోతూ పోతూ, చూసి తెచ్చిస్తానని ఒక కార్డు తీసుకున్నాడు. పోలండుది.

ఇప్పుడు డాక్టర్ దేవరాజులు గారి గురించి చెప్పాలి. ఆయన మంత్రిగారి బావమరిది. ఆయనదీ మందుల రసాయనమే. ఉత్తరాదిన ఎక్కడో పట్టా తీసుకున్నారు. దానికోసం ఆ ఊరికి రెండుసార్లు వెళ్ళారు, చేరడానికి ఒకసారి, ఫొటో దిగడానికి ఒకసారి. వినయం మూర్తీభవించిన మనిషి. దరఖాస్తులో "వ్యాసములు" అన్న చోట ఆయన అబద్ధం రాయలేదు. "వ్రాయబోవునవి: పద్నాలుగు" అని రాశారు. మంత్రిగారు దీన్ని ఎంతో మెచ్చుకున్నారు. రాసేసినవాళ్ళ దగ్గర ఇంకేం మిగిలి ఉంటుంది, రాయబోయేవాళ్ళ దగ్గరే దేశానికి భవిష్యత్తు ఉంది అన్నారు.

ఆ నెల రేషన్ షాపుకు చక్కెర వచ్చింది. మూడు నెలల తర్వాత రావడం. లైను మలుపు దాకా ఉంది. డీలరు రేషన్ కార్డు అడగడానికి ముందు ఒక పోస్టుకార్డు ముందుకు తోసేవాడు. "దేవరాజులు గారూ, తమరి వ్యాసం ఒకటి పంపవలెను" అని రాసి సంతకం పెట్టాలి. పెట్టినవాళ్ళకు చక్కెర. చిత్తూరు జిల్లాలో కుప్పం నుంచి నగరి దాకా ప్రతి షాపులో ఇదే పద్ధతి అని చెప్పుకున్నారు. శాస్త్రం మీద ప్రజలకు ఒక్కసారిగా అంత ఆసక్తి పుట్టించడం మామూలు వాళ్ళకు చేతనవుతుందా?

జ్ఞానాంబ పొద్దంతా ఆ చేదులో పని చేసి వస్తుంది. ఇంటికి రాగానే కాఫీలో రెండు చెంచాల చక్కెర పడితే గానీ ఆమె నాలుకకు ప్రాణం రాదు. అందుకని నేనూ లైనులో నిలబడ్డాను. సంతకం వచ్చునని చెప్పాను. "వేలిముద్రయితే ఇంకా బాగుంటాదవ్వా," అన్నాడు డీలరు, నా బొటనవేలు పట్టుకుని. ఊరూ పేరూ అతనే రాసుకున్నాడు. ఆ సంగతి జ్ఞానాంబకు నేను చెప్పలేదు. ఆ సాయంత్రం మా ఇద్దరికీ బెల్లం కాఫీ. ఆమె గ్లాసు చూసింది, తాగింది.

ఎవరిని ఎంతమంది అడిగారో తేల్చడానికి వేసిన విచారణ కమిటీ ట్రావెలర్స్ బంగళాలో కూర్చుంది. అధ్యక్షుడు గంగులప్ప గారు, రిటైరైన తహశీల్దారు. ముప్పై ఏళ్ళు అర్జీల్లో దొంగవేవో మంచివేవో తేల్చిన చెయ్యి ఆయనది. ఇంకో ఇద్దరు సభ్యుల్లో ఒకాయన తల ఆడించేవాడు, ఒకాయన నిద్రపోయేవాడు. కార్డులు నా అడ్రసుకు వచ్చాయి కాబట్టి నన్ను సాక్షిగా పిలిచారు. కమ్మీతో సహా వెళ్ళాను.

గంగులప్ప గారు ముందు కార్డులు లెక్కబెట్టారు. రెండు వందల పదకొండు.

"దరఖాస్తులో రెండు వందల పన్నెండని ఉండాది. ఒకటి ఎక్కువ సూపించినట్టా?"

అది వరదయ్య తీసుకుపోయాడని చెప్పాను. వరదయ్య అక్కడే గోడకు ఆనుకుని ఉన్నాడు. తనకు ఇంగ్లీషే రాదని, రాని భాష కార్డు తీసుకుని ఏం చేసుకుంటానని అడిగాడు. కమిటీకి ఈ మాటలో న్యాయం కనిపించింది.

తర్వాత ఆయన కార్డులన్నీ బల్ల మీద పేక ముక్కల్లా పరిచారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. ఒక చివర నుంచి ఇంకో చివరకు నడిచారు. తిరిగి వచ్చారు. నిద్రపోయే సభ్యుడు కూడా లేచి చూశాడు.

"పోలండాయన ఏమంటాడు? మీ వ్యాసం పంపితే కృతజ్ఞుణ్ణి. బ్రెజిలాయన? అదే మాట. జపానాయన? అదే. తిండి వేరు, బట్ట వేరు, దేవుడు వేరు. మాట మాత్రం ఒకటే. ఒకటే అచ్చు, పేరు మాత్రం చేత్తో. ఏమ్మా జ్ఞానాంబా, ఇట్లాంటి అర్జీ వస్తే మా తాలూకాఫీసులో ఏమంటామో తెలుసునా?"

జ్ఞానాంబ గొంతు మామూలుగానే ఉంది. "అది వాళ్ళ వాడుక సార్. రోజుకు పది మందికి రాస్తారు, అందుకని అచ్చు వేయించి పెట్టుకుంటారు. అనుమానముంటే మీరే వాళ్ళకు జాబు రాసి కనుక్కోండి."

"దొంగ అర్జీదారుకు జాబు రాసి, అయ్యా నువ్వు దొంగవా అని అడగమంటావా తల్లీ?"

తల ఆడించే సభ్యుడు తల ఆడించాడు.

ఆమె ఇంకా ధైర్యం చేసి మూడు లావుపాటి విదేశీ పుస్తకాలు ముందు పెట్టింది. అక్కడి పండితులు తమ వ్యాసాల్లో ఆమె పేరు చెప్పుకున్న చోట్లకు కాగితం ముక్కలు పెట్టి ఉంచింది. గంగులప్ప గారు మొదటి పేజీ చూశారు, కనిపించలేదు. అడుగున చూడండి సార్ అంది. ఆయన పేజీ అడుగుకు ముక్కు ఆనించారు.

"ఇంత సిన్నగానా? అదీ కాళ్ళ కాడ? మా ఆఫీసులో అటెండరు పేరు కూడా దీనికంటే పెద్దగా రాస్తిమే." ఆయన మనసు నొచ్చుకుంది. మన జిల్లా ఆడబిడ్డ పేరును విదేశాలవాళ్ళు అంత కింద రాయడం జిల్లాకే అవమానమని నివేదికలో రాయించారు.

చివరగా ఎన్ని రకాలు చేశావని అడిగారు. అరవై మూడు అంది. ఎన్ని పాసైనాయి? ఒకటి.

"మిగతా అరవై రెండు?"

"పని చెయ్యలేదు సార్. ఏది పని చెయ్యదో తెలుసుకోవడం కూడా మా పనే."

గంగులప్ప గారు గుమాస్తాతో రాయించారు: అరవై రెండు ఫెయిలు, అభ్యర్థి స్వయంగా ఒప్పుకొనెను. దేవరాజులు గారి కాగితాల్లో ఒక్క ఫెయిలు కూడా లేదన్నది కూడా రాయించారు.

అప్పుడు దేవరాజులు గారి కార్డులు వచ్చాయి. ఎరువుల గోతాల్లో, ట్రాక్టరు మీద. మొత్తం పదకొండు వేల నాలుగు వందల ఆరు. గంగులప్ప గారు ఒక గోతంలో చెయ్యి పెట్టి గుప్పెడు తీసి పైకి చదివారు. పుత్తూరు నుంచి ఒకాయన వ్యాసంతో పాటు ఒక డబ్బా కిరసనాయిలు కూడా పంపమన్నాడు. పలమనేరు నుంచి ఒకామె, వ్యాసం నిదానంగా పంపినా ఫర్వాలేదు, బెంగళూరు పోయిన తన మొగుణ్ణి ముందు పంపమంది. కుప్పం వైపు ఒక ఊరు ఊరంతా కలిసి, తమకు వ్యాసం వద్దని, బోరింగు బాగు చేయిస్తే చాలని రాశారు. ఒకాయన ఏమీ రాయకుండా ఎద్దు బొమ్మ వేశాడు.

చదువుతూ చదువుతూ గంగులప్ప గారు కళ్ళద్దాలు తీసేశారు. కళ్ళు తడిగా ఉన్నాయి.

"సూడండప్పా. ఏ రెండన్నా ఒకటిగా ఉండాయా? అచ్చులో పోసిన మాటలా ఇవి? ఇదీ ప్రజల గొంతంటే."

నేను ఆ గోతాల వైపు చూడలేదు. నా బొటనవేలు ఏ గోతంలో ఉందో నాకు తెలియదు. జ్ఞానాంబ కార్డులు ఏరుకుంటుంటే, నేను కమ్మీ పట్టుకుని నిలబడ్డాను.

దేవరాజులు గారు డైరెక్టరు అయ్యారు. కేంద్రం గొప్పగా మొదలైంది. ఒక బోర్డు, మూడు గదులు, మంత్రిగారి పటం, అతిథుల కోసం ఒక ఫ్రిజ్జు. ప్రారంభోత్సవం నాడు మంత్రిగారు, ఈ కేంద్రం నుంచి బయటికి వెళ్ళే ప్రతి మాట కోసం పదకొండు వేలమంది ఎదురు చూస్తున్నారని చెప్పారు. అది నిజమే. చిక్కు కూడా అక్కడే వచ్చింది.

గంగులప్ప గారు పద్ధతి గల మనిషి. తన నివేదిక చివరి లైనులో, ఇవి పదకొండు వేల నాలుగు వందల ఆరు నిజమైన అర్జీలని తేలినందున, రూలు ప్రకారం తొంభై రోజుల్లో ప్రతి అర్జీదారుకూ జవాబు వెళ్ళాలని రాశారు. మంత్రిగారు చివరి లైను చదివే అలవాటు లేనివారు కాబట్టి సంతకం పెట్టేశారు. వ్యాసం చూస్తే ఇంకా రాయబోయే దశలోనే ఉంది. ఏదో ఒక జవాబు పంపాలి. కేంద్రంలో అప్పటికి ఒక డైరెక్టరు, ఒక డ్రైవరు, ఒక కాపలాదారు తప్ప ఎవరూ లేరు.

మార్చి ముప్పై ఒకటిన జ్ఞానాంబ సైకిల్ స్టాండు వెనక గది తాళం తిరిగి ఇచ్చేసింది. నలభై ఒకటి సీసా తువ్వాలులో చుట్టి ఇంటికి తెచ్చింది. అది ఎండకు చెడిపోతుందట, చల్లగా ఉండాలట. నేను నీళ్ళ కుండ పక్కన తడి ఇసుకలో పెట్టాను. తిరుపతి ఏప్రిల్ సంగతి మీకు తెలుసు. నాలుగు రోజులకే కుండలో నీళ్ళు కాగినట్టు ఉన్నాయి. ఆమె పొద్దుకు నాలుగుసార్లు సీసాను వెలుతురులో పెట్టి చూసేది, జ్వరం వచ్చిన బిడ్డ నుదురు చూసినట్టు.

ఐదో రోజు దేవరాజులు గారు స్వయంగా మా గుమ్మం ముందు కారు ఆపారు. చెప్పులు బయట విడిచి, నాకు నమస్కారం పెట్టి లోపలికి వచ్చారు. అంత వినయం.

"మీ మాదిరి అనుభవం ఉండేవాళ్ళు మాకు కావాల మేడం. మూణ్ణెల్ల పని. ఏమీ అనుకోవద్దండి."

జ్ఞానాంబ ఏం పని అని అడగలేదు. "మీ ఫ్రిజ్జులో ఒక సీసాకు చోటు ఉంటాదా సార్?" అని అడిగింది.

"సోడాలు ఒక పక్కకు జరిపిస్తాను," అన్నారాయన. ఆయన మంచితనాన్ని నేను ఈనాటికీ చెప్పుకుంటాను.

మర్నాటి నుంచి ఆమె కేంద్రానికి పోతోంది. నలభై ఒకటి సోడా బుడ్ల మధ్య చల్లగా ఉంది. ఏం పని చేయిస్తున్నారమ్మా అంటే, రాతపని అవ్వా అనేది. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి వేళ్ళకు ఆకు పసరు బదులు నీలం సిరా ఉండేది. కాఫీలో చక్కెర ఎక్కువైంది, కొంచెం తగ్గించమంది ఒకరోజు. అప్పటికి బజారులో చక్కెర మళ్ళీ దొరుకుతోంది. విదేశాల కార్డులు మాత్రం ఆగిపోయాయి. ల్యాబు లేకపోయాక ఆమె కొత్తగా రాసిందేమీ లేదు.

జూన్ నెలలో ఒక మధ్యాహ్నం పోస్టుమాను గుమ్మంలో కార్డు వేసిపోయాడు. మాటంతా అచ్చు. మధ్యలో ఒక ఖాళీ, ఆ ఖాళీలో చేత్తో పేరు. నా ప్రాణం లేచివచ్చింది. మళ్ళీ ఏ దేశమో జ్ఞానాంబను అడిగిందనుకున్నాను. కొంగుతో కళ్ళు తుడుచుకుని బిళ్ళ చూస్తే, అది మనదే. అచ్చు కూడా తెలుగే. మూడో తరగతి చదువుతో కూడబలుక్కుని చదివాను.

"శ్రీమతి మునెమ్మ అవ్వ గారికి, తమరు కోరిన వ్యాసము సిద్ధమగుచున్నది. సిద్ధమైన వెంటనే పంపబడును. ఇట్లు, డైరెక్టరు."

మునెమ్మ నేనే. ఆ "ము" కొమ్ము చుట్టిన తీరు నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా జ్ఞానాంబ పాలవాడికి పెట్టే చీటీ మీద చూస్తున్నాను. అవ్వ అన్నది నా రేషన్ కార్డులో లేదు, అది ఆమె పిలుపు.

కార్డు రొండిన దోపుకుని కూర్చున్నాను. సాయంత్రం జ్ఞానాంబ వచ్చింది. కాళ్ళు కడుక్కుంది. కాఫీ ఇచ్చాను. నలభై ఒకటి ఎట్లుందని అడిగితే బాగుందని చెప్పింది.

"జాబులేమన్నా వచ్చినాయా అవ్వా?"

లేదనబోయాను. ఆమె నా మొహం వైపే చూస్తోంది. రొండి నుంచి కార్డు తీసి ఇచ్చాను. అక్షరాలు సరిగ్గా పడ్డాయో లేదో చూసుకుంటున్నట్టు ఒకసారి చదివింది.

"ఆ పొద్దు సక్కెరన్నా ఇచ్చినారా అవ్వా?"

"లేదు తల్లీ. నా వంతు వచ్చేతలికి అయిపోయిందన్నారు."

జ్ఞానాంబ కాఫీ మొత్తం తాగింది. గ్లాసు కడిగి బోర్లించింది. తర్వాత స్టూలు వేసుకుని, కమ్మీ దించి, ఆ కార్డును కూడా దానికి గుచ్చి మళ్ళీ తగిలించింది.

ఇప్పుడు ఎవరైనా వచ్చి లెక్కబెట్టుకోవచ్చు. సరిగ్గా రెండు వందల పన్నెండు ఉన్నాయి.